రేపే ఫైనల్!

వింబుల్డన్‌లో మహిళల ఫైనల్ శనివారం. ముందు రోజు రాత్రి పత్రికాఫీసుల్లో స్పోర్ట్స్ డెస్కులన్నీ ఒకే పని మీద ఉంటాయి. పేజీకి ఈ పక్క ఒకమ్మాయి ఫోటో, ఆ పక్క మరో అమ్మాయి ఫోటో. మధ్యలో ఓ పట్టిక. వయసెంత, ఎత్తెంత, ర్యాంకెంత, ఇంతకుముందు ఎన్నిసార్లు తలపడ్డారు, ఎవరిది పైచేయి... తెల్లారి కాఫీ తాగుతూ ఆ పట్టిక చూసి 'ఈసారి ఈ అమ్మాయిదే' అని తీర్పు చెప్పేసే తాతయ్య చాలా ఇళ్లలో ఉంటాడు. 'కాదు తాతయ్యా, ఆ అమ్మాయిదే' అని పోటీకొచ్చే మనవరాలూ ఉంటుంది.

పట్టిక అబద్ధం చెప్పదు. అలాగని అన్నీ చెప్పదు. గెలుపు అడుగు దూరంలో కనిపిస్తున్నప్పుడు చెయ్యి వణుకుతుందా లేదా అన్న సంగతి ఏ పట్టికలోనూ ఉండదు. చాలా ఫైనళ్లు తేలేది మాత్రం అక్కడే.

2024 జులై 12, శుక్రవారం రాత్రి కూడా అలాంటి పట్టికలే తయారయ్యాయి. ఒక పక్క ఇటలీ అమ్మాయి జాస్మిన్ పవోలిని. ఏడో సీడు. అయిదడుగుల నాలుగంగుళాల మనిషి. ఆ ఏడాదికి ముందు వింబుల్డన్ ప్రధాన పోటీల్లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అలాంటిది సెమీస్‌లో డోనా వెకిచ్‌తో 2 గంటల 51 నిమిషాలు పోరాడి గెలిచింది. వింబుల్డన్ మహిళల సెమీఫైనల్ అంతసేపు జరగడం అదే మొదటిసారి. రెండో పక్క చెక్ రిపబ్లిక్ అమ్మాయి బార్బరా క్రెజికోవా. 31వ సీడు. వెన్నునొప్పితో ఆ సీజన్లో చాలాభాగం ఇబ్బందిపడింది. సెమీస్‌లో 2022 ఛాంపియన్ ఎలెనా రిబకినాను ఓడించి వచ్చింది. ఇద్దరికీ 28 ఏళ్లే. సింగిల్స్‌లో అంతకుముందు తలపడింది ఒక్కసారే. 2018లో ఆస్ట్రేలియన్ ఓపెన్ అర్హత పోటీల్లో. గెలుపు క్రెజికోవాది.

అంకెలన్నీ వచ్చాయి. ఆ పట్టికలో లేని పేరు ఒకటుంది. ఆ పేరు తెలియకపోతే క్రెజికోవాకు ఆ ఫైనల్ ఏమిటో అర్థం కాదు. అదే... జానా నొవోత్నా.

చేతికందింది... నోటికందలేదు

1993 జులై 3. అదే సెంటర్ కోర్టు. అటు స్టెఫీ గ్రాఫ్. అప్పటికే నాలుగుసార్లు వింబుల్డన్ గెలిచిన మహారాణి. ఇటు 24 ఏళ్ల నొవోత్నా. చెక్ దేశంలోని బ్రనో నగరంలో పుట్టింది. సర్వీసు చేయడం, పరుగున నెట్ దగ్గరికి వెళ్లడం, బంతి నేల తాకకముందే వాలీ కొట్టడం... ఇదీ ఆమె ఆట. పచ్చికకు అచ్చంగా సరిపోయే ఆట. క్వార్టర్స్‌లో సబటిని, సెమీస్‌లో తొమ్మిదిసార్లు ఛాంపియన్ నవ్రతిలోవా ఆమె చేతిలో ఓడిపోయారు.

ఫైనల్లో మొదటి సెట్ టైబ్రేక్‌లో పోయింది. రెండో సెట్ 6-1తో నొవోత్నాది. మూడో సెట్‌లో 4-1 ఆధిక్యం. సర్వీసు తనదే. స్కోరు 40-30. ఇంకొక్క పాయింటు వస్తే 5-1. ఆ తర్వాత ఒక్క గేము చాలు. వెండి పళ్లెం చేతికొచ్చేసినట్లే.

మొదటి సర్వీసు నెట్ దాటి సరైన గడిలో పడలేదు. రెండోదీ పడలేదు. డబుల్ ఫాల్ట్.

చూడ్డానికి చిన్న తప్పే. టెన్నిస్‌లో రోజూ జరిగేదే. కానీ రెండో సర్వీసు అనేది ఆటగాళ్ల గుండెకు పెట్టే పరీక్ష. మొదటిది పోతే మరో అవకాశం ఉందన్న ధైర్యం ఉంటుంది. రెండోదానికి ఆ ధైర్యం ఉండదు. భయం పుడితే ముందుగా తెలిసేది చేతికే. బంతిని పైకి ఎగరేసే చెయ్యి ఓ అంగుళం అటో ఇటో పోతుంది. రాకెట్ తిప్పాల్సిన భుజం బిగుసుకుపోతుంది. వేల సార్లు కొట్టిన దెబ్బే ఆ క్షణాన కొత్తగా నేర్చుకుంటున్నట్లు ఉంటుంది.

ఆ గేము పోయింది. మళ్లీ సర్వీసు వచ్చినప్పుడూ డబుల్ ఫాల్టులే. అవతల ఉన్నది గ్రాఫ్. ఇలాంటి సందు దొరికితే వదిలే మనిషి కాదు. వరసగా అయిదు గేములు. 7-6, 1-6, 6-4తో గ్రాఫ్‌కు అయిదో వింబుల్డన్.

ఇక్కడ టెన్నిస్‌లోని ఓ కాఠిన్యం గురించి చెప్పుకోవాలి. ఫుట్‌బాల్‌లో రెండు గోల్స్ ముందుంటే గడియారం ఆదుకుంటుంది. కాసేపు బంతిని అటూ ఇటూ తిప్పితే ఆట ముగుస్తుంది. క్రికెట్‌లో చివరి గంట బ్యాటు అడ్డం పెట్టి టెస్టును కాపాడుకోవచ్చు. టెన్నిస్‌లో అవేమీ లేవు. ఎంత ముందున్నా సరే, చివరి పాయింటు గెలిచేదాకా ఆట అవ్వదు. పైగా ఆ రోజుల్లో వింబుల్డన్‌లో మ్యాచ్ మధ్యలో కోచ్ ఒక్క మాట కూడా చెప్పడానికి వీల్లేదు. వేల మంది మధ్య ఒంటరితనం అది.

బహుమతులిచ్చే వేళ వచ్చింది. రన్నరప్ పళ్లెం ఇవ్వడానికి వచ్చింది రాజకుటుంబానికి చెందిన డచెస్ ఆఫ్ కెంట్. నువ్వు గెలవగలవన్న నమ్మకం నాకుందని మెల్లగా ఆమె అనేసరికి నొవోత్నా ఆపుకోలేకపోయింది. డచెస్ భుజం మీద తలవాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. మర్యాదలకు, నియమాలకు పేరుపడ్డ ఆ కోర్టులో అంతవరకూ ఎవరూ చూడని దృశ్యం. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. గ్రాఫ్ పళ్లెం ఎత్తిన ఫోటో మరిచిపోయినవాళ్లకు కూడా ఇది గుర్తుంది.

ఓ ముద్ర... అయిదేళ్ల మోత

మన దగ్గర ఒక మాటుంది. చేతికందింది నోటికందలేదు అని. జరిగింది చెప్పి ఊరుకునే మాట అది. అందులో సానుభూతే తప్ప ఎత్తిపొడుపు లేదు. ఇంగ్లిష్ పత్రికల దగ్గర మాత్రం వేరే మాటుంది. 'చోకర్'. అందిన ముద్ద గొంతుకు అడ్డం పడ్డ మనిషి అని. ఆ ముద్ర నొవోత్నా మీద పడింది.

ముద్రకు తగ్గట్టే 1995లో ఇంకోటి జరిగింది. ఫ్రెంచ్ ఓపెన్ మూడో రౌండ్. అమెరికా అమ్మాయి చందా రూబిన్‌పై మూడో సెట్‌లో 5-0, 40-0. తొమ్మిది మ్యాచ్ పాయింట్లు వచ్చాయి. తొమ్మిదీ పోయాయి. చివరికి 8-6తో సెట్, దాంతోపాటే మ్యాచ్ కూడా రూబిన్‌దే. ఇక ఆమె ఏ పెద్ద మ్యాచ్ ఆడినా విశ్లేషకుల ప్రశ్న ఒకటే. ఆట ఎలా ఉందని కాదు, చివర్లో ఏమవుతుందని!

అయినా ఆమె మానలేదు. పక్కన కోచ్ హనా మాండ్లికోవా ఉంది. నాలుగు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు గెలిచిన మాండ్లికోవాకు వింబుల్డన్ మాత్రం దక్కలేదు. 1981లో, 1986లో ఫైనల్ దాకా వచ్చి ఓడిపోయింది. ఆ కోర్టు నుంచి ఉత్త చేతులతో ఇంటికెళ్లడమంటే ఏమిటో తెలిసిన మనిషి. ఆ బాధ తెలిసిన ఇద్దరు కలిసి మళ్లీ మళ్లీ అక్కడికే వచ్చారు.

1997లో మళ్లీ ఫైనల్. ఈసారి అవతల 16 ఏళ్ల మార్టినా హింగిస్. మొదటి సెట్ 6-2తో నొవోత్నాది. ఆ తర్వాత రెండు సెట్లూ 6-3, 6-3తో హింగిస్‌వి. పొత్తికడుపు కండరం నొప్పి కూడా నొవోత్నాను వేధించింది. మళ్లీ రన్నరప్ పళ్లెం. మళ్లీ అదే డచెస్. మూడోసారి కలిసొస్తుందిలే అని ఆమె ఓదార్చింది.

1998 జులై 3, శుక్రవారం రాత్రి. మర్నాడు ఫైనల్. పట్టిక చూస్తే అంతా నొవోత్నా వైపే. క్వార్టర్స్‌లో వీనస్ విలియమ్స్‌ను, సెమీస్‌లో నిరుటి ఛాంపియన్ హింగిస్‌నే ఓడించి వచ్చింది. అవతల ఉన్నది 16వ సీడు, ఫ్రాన్స్‌కు చెందిన నతాలీ తౌజియా. గ్రాఫ్ కాదు, హింగిస్ కాదు. అసలు చిక్కు అక్కడే ఉంది. గ్రాఫ్ చేతిలో ఓడితే లోకం జాలిపడుతుంది. గెలవాల్సిన మ్యాచ్ ఓడితే ఆ ముద్ర ఇక జన్మకు పోదు. వచ్చే అక్టోబరుకు నొవోత్నాకు 30 నిండుతాయి. నాలుగో అవకాశం వస్తుందని ఎవరూ చెప్పలేరు.

మర్నాడు మధ్యాహ్నం మొదటి సెట్ 6-4. రెండో సెట్ టైబ్రేక్. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. ఈసారి చెయ్యి బిగుసుకోలేదు. 7-2తో టైబ్రేక్, దాంతో పాటు వింబుల్డన్. డచెస్ చేతుల మీదుగా ఈసారి ఆమె అందుకున్నది విజేతకిచ్చే వీనస్ రోజ్‌వాటర్ డిష్. 1886 నుంచి మహిళల ఛాంపియన్లు ఎత్తి చూపుతున్న వెండి పళ్లెం. ఇద్దరి ముఖాల్లోనూ నవ్వే!

నొవోత్నా గ్రాండ్‌స్లామ్ డబుల్స్‌లో 12, మిక్స్‌డ్‌లో 4 టైటిళ్లు గెలిచింది. సింగిల్స్‌లో గెలిచింది మాత్రం ఆ ఒక్కటే. మర్నాటి నుంచి 'చోకర్' అన్న మాట మెల్లగా మాయమైంది. మారింది ఒక్క స్కోరే... మనిషి మొదటి నుంచీ ఆ మనిషే.

హైదరాబాద్ దాకా ఓ దారం

1998లోనే ఇంకో చిత్రం కూడా జరిగింది. నిరుడు తనను ఏడిపించిన హింగిస్‌తోనే జతకట్టి నొవోత్నా వింబుల్డన్ డబుల్స్ గెలిచింది. సరిగ్గా 17 ఏళ్ల తర్వాత, 2015లో అదే హింగిస్ పక్కన అదే సెంటర్ కోర్టులో నిలబడింది మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా.

ఆ డబుల్స్ ఫైనల్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మకరోవా-వెస్నినా జంట మీద మొదటి సెట్ పోయింది. రెండోది టైబ్రేక్‌లో వచ్చింది. మూడో సెట్‌లో 2-5 వెనకబాటు. ఇళ్లలో టీవీ కట్టేసి పడుకున్నవాళ్లూ ఉన్నారు. అక్కణ్నుంచి సానియా, హింగిస్ ఒక్కో గేమూ లాక్కుంటూ 5-5 చేశారు. వెలుగు తగ్గడంతో పైకప్పు మూసి, దీపాలు వేసి ఆడించారు. 7-5తో సెట్, మ్యాచ్, టైటిల్. వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచిన తొలి భారతీయురాలు సానియా. 4-1 మీద నొవోత్నాకు ఏ పాఠం ఎదురైందో, 2-5 మీద సానియాకు అదే పాఠం వరమైంది. ఆఖరి పాయింటు దాకా ఆట అయిపోనట్లే.

తలుపు తట్టిన అమ్మాయి

నొవోత్నా 1999లో ఆట నుంచి తప్పుకుంది. పదిహేనేళ్లు గడిచాయి. 2014లో ఒకరోజు ఆమె ఇంటి తలుపు ఎవరో తట్టారు. బ్రనో ప్రాంతానికే చెందిన 18 ఏళ్ల అమ్మాయి. జూనియర్ పోటీల వయసు దాటిపోతోంది. ఇక ముందు టెన్నిస్సా, చదువా? ఎటు వెళ్లాలో తెలియదు. చేతిలో ఒక ఉత్తరం. సాయం చెయ్యమని అడుగుతూ తను రాసుకొచ్చినదే. ఆ అమ్మాయే క్రెజికోవా.

నొవోత్నా ఉత్తరం తీసుకుంది. అమ్మాయి ఆట చూసింది. నీలో సత్తా ఉంది, ప్రొఫెషనల్‌గా ఆడమని చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. వెంట నిలబడి నేర్పింది. తనకు మాండ్లికోవా ఎలా నిలబడిందో అలాగే.

ఆ తోడు మూడేళ్లే. క్యాన్సర్‌తో నొవోత్నా 2017 నవంబరు 19న కన్నుమూసింది. 49 ఏళ్లకే. చివరి రోజుల్లో కూడా క్రెజికోవా పక్కనే ఉంది. ఆటను ఆస్వాదించు, ఓ గ్రాండ్‌స్లామ్ గెలవడానికి ప్రయత్నించు... శిష్యురాలికి ఆమె దాదాపు ఆఖరుగా చెప్పిన మాట ఇదే.

మరుసటి ఏడాదే క్రెజికోవా డబుల్స్‌లో ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ రెండూ గెలిచింది. సింగిల్స్‌లో పెద్ద వేదిక మీద ఆడాలంటే మాత్రం భయం. 2021 ఫ్రెంచ్ ఓపెన్ నాలుగో రౌండ్ రోజు పొద్దున ఆ భయం ఎంత ముదిరిందంటే, ఫిజియో గదిలో తలుపేసుకుని ఏడ్చింది. మనస్తత్వ నిపుణురాలితో మాట్లాడాక బయటికొచ్చి ఆడింది. 6-2, 6-0తో గెలిచింది. ఆ భయాన్ని దాచుకోకుండా తర్వాత తనే అందరికీ చెప్పింది. ఆ టోర్నీ టైటిల్ ఆమెదే అయింది. 1981లో మాండ్లికోవా గెలిచాక, నలభై ఏళ్లకు ఆ ట్రోఫీ మళ్లీ ఆ దేశపు అమ్మాయి చేతికొచ్చింది. గురువు గారి గురువు గెలిచిన ట్రోఫీ అన్నమాట.

మిగిలింది గురువు గెలిచిన ట్రోఫీ. 2024 జులై 12 రాత్రి ఆమె ముందున్నది అదీ. ఏ పట్టికలోనూ రాయని సంగతి అదీ.

మర్నాడు మొదటి సెట్ 6-2తో క్రెజికోవాది. రెండోది 6-2తో పవోలినిది. మూడో సెట్ 3-3. బ్రేక్ పాయింట్ దగ్గర పవోలిని రెండో సర్వీసు... డబుల్ ఫాల్ట్! 31 ఏళ్ల కిందట అదే కోర్టులో నొవోత్నాను దెబ్బతీసిన ఆ చిన్న తప్పే ఈసారి నొవోత్నా శిష్యురాలికి దారిచ్చింది. 5-4 మీద క్రెజికోవా సర్వీసు. ఒక మ్యాచ్ పాయింట్ పోయింది. రెండోదీ పోయింది. బ్రేక్ పాయింట్లు కూడా ఎదురయ్యాయి. గురువు కథ తెలిసినవాళ్లకు గుండె ఝల్లుమన్న క్షణాలవి. మూడోసారి మాత్రం పాయింటు చేజారలేదు. 6-2, 2-6, 6-4.

తర్వాత క్లబ్‌హౌస్‌లోకి తీసుకెళ్లి ఛాంపియన్ల పేర్ల బోర్డు చూపించారు. 1998 ఎదురుగా నొవోత్నా పేరు. అదే బోర్డు మీద 2024 ఎదురుగా తన పేరు. క్రెజికోవా కళ్లు తుడుచుకుంటూ ఉండిపోయింది. సెంటర్ కోర్టు చూసిన కన్నీళ్లన్నీ ఓటమివే కావు మరి!

పవోలిని సంగతో? ఆమెకది వరసగా రెండో గ్రాండ్‌స్లామ్ ఫైనల్ ఓటమి. అయినా బహుమతుల వేళ నవ్వుతూనే మాట్లాడింది. ఫైనల్ ఓడినవాళ్ల కథ ఆ రోజుతో ముగిసిపోదని ఆ బోర్డే చెబుతోంది. 2025 వింబుల్డన్ ఫైనల్లో అమెరికా అమ్మాయి అమండా అనిసిమోవా ఒక్క గేమైనా గెలవకుండా 6-0, 6-0తో స్వియాటెక్ చేతిలో ఓడింది. 57 నిమిషాల్లో అంతా అయిపోయింది. రెండు నెలలు తిరక్కుండానే యూఎస్ ఓపెన్ క్వార్టర్స్‌లో అదే స్వియాటెక్ ఎదురైంది. ముందు రోజు రాత్రి అనిసిమోవా ఏం చేసిందో తెలుసా? కూర్చుని ఆ పాత ఫైనల్ వీడియో చూసింది. ఎంత బాధగా ఉన్నా సరే! మర్నాడు 6-4, 6-3తో గెలిచింది.

నొవోత్నాకు భుజమిచ్చిన డచెస్ ఆఫ్ కెంట్ 2025 సెప్టెంబరులో 92 ఏళ్ల వయసులో కన్నుమూసింది. ఆమె ఆ రోజు ఆటలో తప్పులెంచలేదు. '4-1 మీద అలా ఎందుకు చేశావ'ని అడగలేదు. 'ఆటే కదా' అని తేలిగ్గా తీసిపారేయలేదు. కాసేపు భుజమిచ్చింది. మళ్లీ రమ్మంది. ఒక్క మార్కులో సీటు పోయిన పిల్లో పిల్లాడో ఉన్న ఇంట్లో ఆ సాయంత్రం ఎవరేం మాట్లాడాలో తెలియకపోతే, ఆ పాత ఫోటో ఒక్కసారి చూస్తే చాలు.

ఈసారి ఫైనల్ ముందు రోజు పేపర్లో పట్టిక వచ్చినప్పుడు తాతయ్యా మనవరాలూ మళ్లీ పందెం వేసుకోవచ్చు. ఎత్తులు, ర్యాంకులు చూసుకోవచ్చు. మ్యాచ్ మొదలయ్యాక మాత్రం, ఎవరైనా ముందంజలో ఉండి రెండో సర్వీసుకు బంతి ఎగరేసినప్పుడు ఆ చేతివైపు చూడండి. అసలు ఫైనల్ అక్కడ జరుగుతుంటుంది.